తీర్పరి చేతిలోని అమానతు



బాస్కెట్‌బాల్ ముచ్చట ధార్మిక పత్రికలో ఎందుకని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. ఆ ఆటలో విజిల్ పట్టుకున్న రిఫరీకి ఎదురయ్యే పరీక్షే ఖాజీకీ, జమాఅత్ పెద్దకూ, పిల్లల తగవు తీర్చే తల్లికీ ఎదురవుతుంది. అందుకే రాస్తున్నాము.

1972 సెప్టెంబరులో పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఒలింపిక్స్ ఫైనల్ జరిగింది. ఒకవైపు అమెరికా, మరోవైపు సోవియట్ యూనియన్. ఆ రెండు రాజ్యాల వైరం లోకానికంతటికీ తెలిసిందే. అప్పటివరకు ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్‌లో అమెరికా ఒక్క మ్యాచి కూడా ఓడలేదు. ఆట ముగియడానికి మూడు సెకన్లు ఉందనగా డగ్ కాలిన్స్ అనే ఆటగాడు రెండు ఫ్రీ త్రోలు వేసి తన జట్టును 50-49తో ముందుకు తెచ్చాడు. సోవియట్ జట్టు బంతి అందుకున్నదో లేదో, తాము అడిగిన టైమౌట్ ఇవ్వలేదంటూ వారి కోచ్‌లు స్కోరు బల్ల మీదికి వచ్చిపడ్డారు. రిఫరీ ఆట ఆపాడు. అప్పటికి మిగిలింది ఒక్క సెకను. ఇంతలో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ ప్రేక్షకుల మధ్య నుంచి దిగి వచ్చి, గడియారాన్ని తిరిగి మూడు సెకన్లకు పెట్టమన్నాడు. నడుస్తున్న ఆటలో అలా ఆజ్ఞాపించే హక్కు ఆయనకు లేదు. అయినా ఆయన మాటే చెల్లింది. రెండోసారి గడియారం సరిచేయక మునుపే బంతి వేశారు, హారన్ మోగింది, అమెరికన్లు గెలిచామని గంతులేశారు. మళ్లీ మూడు సెకన్లు ఇచ్చారు! ఈసారి ఎదెష్కో విసిరిన బంతిని అవతలి కొసన బెలోవ్ అందుకుని బుట్టలో వేశాడు. 51-50. బ్రెజిల్ రిఫరీ రిఘెట్టో స్కోరు పత్రం మీద సంతకం చేయనన్నాడు. అమెరికా ఫిర్యాదును ఐదుగురు సభ్యుల కమిటీ కొట్టివేసింది. ఆ ఆటగాళ్లు రజత పతకాలు అందుకోవడానికి వెళ్లలేదు.

సంతకం నిరాకరించడం సత్యానికి పలికిన సాక్ష్యమే. అయితే విజిల్ చేతిలో ఉన్నప్పుడే, ఆ పెద్దమనిషి ముందు నిలబడి, ‘అయ్యా, ఇది మీ పని కాదు’ అని ఉంటే? ఈ ప్రశ్న మమ్మల్ని వదలదు. ఆయనను నిందించడం మాత్రం మాకు తగదు. ఆ హోరులో మనమైతే ఏం చేసేవారమో అల్లాహ్‌కే తెలుసు.

మనకే, మన తల్లిదండ్రులకే వ్యతిరేకంగా పోయినా సరే న్యాయం మీద స్థిరంగా నిలబడాలని దివ్య ఖురాన్‌లోని నిసా సూరా ఆదేశిస్తోంది. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదని మాయిదా సూరా హెచ్చరిస్తోంది. కోపంలో ఉన్నవాడు ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (స) వారించారు. మన ఫుఖహాలు దీనిని ఆకలికీ, దుఃఖానికీ, నిద్రమత్తుకూ వర్తింపజేశారు. మనసు కుదురు తప్పితే చూపు కూడా తప్పుతుందన్న మాట! వేలమంది ఒక్కసారిగా అరుస్తుంటే ఆ కుదురు నిలుపుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

ఇంతా చేసి పొరపాటు జరిగితే? 2023 జనవరి 28న బోస్టన్‌లో లేకర్స్, సెల్టిక్స్ జట్లు ఆడాయి. స్కోరు 105 వద్ద సమంగా ఉండగా, చివరి క్షణాల్లో లెబ్రాన్ జేమ్స్ బంతిని బుట్టలో వేయబోతుంటే ప్రత్యర్థి అతని చేతిని కొట్టాడు. రిఫరీలు ముగ్గురున్నా ఎవరూ విజిల్ ఊదలేదు. ఊదని విజిల్‌ను వీడియోలో పునఃపరిశీలించమని కోచ్ కోరడానికి నియమాల్లో వీలు లేదు. అదనపు సమయంలో లేకర్స్ ఓడింది. అదే రాత్రి ముఖ్య రిఫరీ తాము ఆ ఫౌల్‌ను చూడలేకపోయామని చెప్పాడు. వారి సంఘం కూడా తప్పును బహిరంగంగా ఒప్పుకుంది. ఫలితం మారలేదు, కానీ మాట దాచలేదు.

హజ్రత్ ఉమర్ (రజి) తన గవర్నరు అబూ మూసా అష్అరీ (రజి)కి రాసినట్లు చెప్పే లేఖలో, నిన్నటి తీర్పు నేడు సత్యం వైపు మరలడానికి అడ్డు కాకూడదన్న బోధ ఉంది. శక్తివంచన లేకుండా సత్యాన్ని వెదికిన న్యాయమూర్తి పొరబడినా అతనికి ఒక పుణ్యం ఉందని హదీసు చెబుతోంది. అమ్ముడుపోయినవాడి సంగతి వేరు. టిమ్ డొనాఘీ అనే రిఫరీ తాను తీర్పరిగా ఉన్న మ్యాచిల మీదే పందాలు కాశాడని 2007లో బయటపడింది. మరుసటి ఏడు అతనికి పదిహేను నెలల జైలు పడింది.

అడిగేవాడికీ లెక్క ఉంది సుమా. దెబ్బ తగలకపోయినా తగిలినట్టు కూలబడే ఆటగాళ్లున్నారు. ఎన్‌బీఏ 2023-24 సీజను నుంచి ఆ నటనకు టెక్నికల్ ఫౌల్ వేస్తోంది. వాక్చాతుర్యంతో సోదరుని హక్కును తన పేర తీర్పు చేయించుకున్నవాడు తీసుకుపోయేది అగ్నిఖండమేనని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనం ఎన్నిసార్లు విన్నాము!

కొన్నేళ్ల క్రితం ఇద్దరు అన్నదమ్ములు ఒక ప్రహరీ గోడ తగవుతో మా దగ్గరకు వచ్చారు. పెద్దవాడు గట్టిగా మాట్లాడాడు, వెంట పదిమందిని తెచ్చాడు. మగ్రిబ్ వేళ దాటిపోతోందని తొందరపడి అతని పక్షాన చెప్పేశాము. వారం తర్వాత చిన్నవాడి భార్య పాత దస్తావేజు పంపింది. దానిని చూసి మేము సిగ్గుపడ్డాము. మరునాడే పెద్దవాడి ఇంటికి వెళ్లి, “తమ్ముడూ, మేము పొరబడ్డాము, ఆ రెండు అడుగులు నీవి కావు” అన్నాము. అతను చాలాసేపు పలకలేదు. తర్వాత, “మౌల్వీసాబ్, ఆ రోజే నాకు తెలుసు” అన్నాడు. గోడ మాత్రం ఆరు నెలలకు గానీ కదలలేదు.