చెట్టేం చేసింది?

గరళం మింగినవాడు కాబట్టి విషపు పూలన్నీ శివుడివే అంటారు. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు. ఈ సమాధానం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. గన్నేరు అమ్మవార్లకూ పెడతాం, వాళ్ళేం మింగారని? ఇక పచ్చ గన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చింది, పురాణాలకు దాని ముఖమే తెలియదు. పైగా గన్నేరు దేవుళ్ళ సొత్తే కాదు, మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో నాయకుడు చారుదత్తుణ్ణి చంపడానికి తీసుకెళ్తూ మెడలో వేసింది గన్నేరు దండే. నా అనుమానం, ఇందులో పురాణం కన్నా మేకదే పెద్ద పాత్ర అని. మందలు తిరిగే ఊళ్ళో, ఎండల్లో కూడా పూసి దేవుడిదాకా మిగిలేది పశువులు ముట్టని పువ్వే. రోడ్డు డివైడర్ల మీద గన్నేరును నాటేవాళ్ళదీ ఇదే లెక్క. మరి మందారాన్ని దడి కట్టి మరీ పెంచుకున్నాం కదా అంటే నా దగ్గర జవాబు లేదు.

నన్ను వదలనిది వేరే ఉంది. మా వీధిలో ఒకింటి కోడలు పచ్చ గన్నేరుతో ప్రాణం తీసుకుంది. దినకర్మలు కాకముందే మగవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకొచ్చి, ఆ ఇంటి చెట్టే కాదు, వీధిలో ఉన్నవన్నీ నరికేశారు. నరికినచోట పాలు కారుతుంటే పిల్లల్ని దూరంగా తరిమారు. అరుగు మీదున్న ఒక ముసలమ్మ, "చెట్టేం చేసిందిరా అయ్యా? దాన్ని నానా మాటలన్నది చెట్టా?" అంది. ఎవరూ తలెత్తలేదు. చెట్టుకు శిక్ష వేస్తే ఇంట్లోవాళ్ళు తప్పించుకుంటారు. న్యాయమంటే ఆ ముసలమ్మ మాటే అనుకుంటూ వచ్చాను.

కానీ శ్రీలంక ఉంది. పచ్చ గన్నేరు తిన్నవాళ్ళతో 1980ల నుంచి అక్కడి ఆసుపత్రులు సతమతమయ్యాయి. ఆ విషం గుండె లయనే తప్పిస్తుంది, విరుగుడు మందేమో పేదదేశానికి అందని ఖరీదు. అదే దేశం 1995 నుంచి అతి ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధిస్తూ పోతే, పదేళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడింది. ఇళ్ళు మారాయా? అత్తలు, మొగుళ్ళు మారారా? ఆ పాడు గడియలో చేతికి అందేది అందలేదు, అంతే. గడియ దాటితే చాలామంది బతుకుతారు.

అంటే ఆ గొడ్డళ్ళది న్యాయమేనా? ముసలమ్మ అడిగినదానికి మాత్రం గొడ్డలి సమాధానం కాదు. చెట్టును నరక్కుండానే హద్దు గీసినవాళ్ళూ ఉన్నారు. ఆయుర్వేదం గన్నేరును ఉపవిషమని పేరుపెట్టే పైపూత నూనెల్లో వాడుకుంది. 2024 మే నెలలో కేరళలో గుళ్ళను నడిపే తిరువాన్కూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు వద్దన్నాయి, పూజకు వద్దనలేదు. దేవుడి తలమీదికి సరే, మన నోటిదాకా రాకూడదు. ఈ తీర్పు నాకు నచ్చింది.

ఇంట్లో పసిపిల్లలో, మనసు బాగాలేనివాళ్ళో ఉంటే పచ్చ గన్నేరు కొట్టేయండి, కొట్టేశాక ఆ మనిషి పక్కన కూర్చోండి. ఎర్ర గన్నేరును మాత్రం కొట్టమనడానికి నాకు నోరు రావడం లేదు, అందులోనూ అదే జాతి విషం ఉందని తెలిసి కూడా.