మేనికి దగిన పరిమళము

పరిమళద్రవ్యమును ఎన్నుకొనుట ధర్మవిచారమునకు తగిన విషయమా యని కొందఱు నవ్వవచ్చును. చీర రంగును గుఱించి, తలపాగ చుట్టును గుఱించి ఎవ్వరును మీమాంస చేయరు గదా, అత్తరు చుక్కకు మాత్రము ఇంత చర్చ యెందులకని వారి ప్రశ్న. మా సమాధానమిది: చీర కట్టినవారి యొంటిమీదనే యుండును, చూడ నిష్టము లేనివారు చూపు మరల్చుకొనవచ్చును. పరిమళము అట్లు కాదు. అది పూసికొన్నవారి మేను విడిచి పక్కవారి యూపిరిలో ప్రవేశించును. ఊపిరిని మరల్చుకొనుట యెవ్వరికిని సాధ్యము కాదు. ఒకరి యభిరుచి మఱియొకరి శ్వాసలో చేరుచోట ధర్మవిచారము తప్పదు.

మీ వ్యక్తిత్వమునకును మీ చర్మమునకును తగిన పరిమళమును ఎన్నుకొనుడను మాట నేడు అమ్మువారి నోట సర్వసాధారణమైనది. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణముల యంగళ్లలోనే కాదు, కొలిమిగుండ్ల వంటి చిన్న యూరి చిల్లరకొట్లలోను స్ప్రే సీసాలు వరుసలు తీరి యుండును. అయితే ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులు ఒకదానితో నొకటి ముడిపడి యున్నవి. చర్మమునకు తగుట పరీక్షకు లొంగునది. వ్యక్తిత్వమునకు తగుట యనగా నేమి? దానిని నిర్ణయింపవలసినది అంగడివాడా, సంఘమా, పూసికొనువారా? మా చర్చయంతయు ఈ రెండవదానిని గుఱించియే. ఐనను మొదటిది గృహస్థులకు ఉపయోగపడునది గనుక దానిని ముందుగా చెప్పుదుము.

పరిమళమనునది ద్రవ్యమునుండి ఆవిరియై లేచిన సూక్ష్మకణముల సమూహము. నిమ్మ, నారింజ జాతి వాసనలు తేలికైనవి. త్వరగా లేచి త్వరగా పోవును. మల్లె, గులాబి వాని తరువాత నిలుచును. చందనము, వట్టివేరు, కస్తూరి వంటి బరువైనవి కడపట మిగులును. కనుక మూత తీసిన క్షణమున మనము మూర్కొనునది పరిమళముయొక్క ముఖపత్రమే కాని గ్రంథము కాదు. కాగితపుముక్కపై చల్లి చూపుట అమ్మువానికి సుకరము. కాగితమునకు చెమటయు లేదు, చమురును లేదు, వేడియు లేదు. మన చర్మమునకు మూడును కలవు. చర్మమందలి చమురు వాసనను పట్టి యుంచును. పొడిచర్మము గలవారిని అదే పరిమళము త్వరగా విడిచిపోవును. అట్టివారు ముందుగా వాసనలేని నూనె కొంచెము రాచుకొని పిమ్మట పూసికొనుట మేలు.

ఇక కొలిమిగుండ్ల సంగతి వేఱుగా చెప్పవలెను. అది సున్నపురాతి సీమ. ఆ రాతిని నీరు యుగయుగములుగా తొలిచినందుననే బెలుం గుహలు ఏర్పడినవి. వాని కొలిచిన పొడవు 3,229 మీటర్లు. ఆ రాతినే నాపరాళ్లుగా కోయుదురు, సిమెంటుగా కాల్తురు. వేసవిలో పగలెల్ల కాగిన రాయి ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను సెగలు చిమ్మును. వేడి ఆవిరిని త్వరపఱచును గనుక, ఇట్టిచోట నిమ్మజాతి వాసనలు బస్సు ఎక్కుటకు ముందే అంతరించును. చలిదేశముల కొఱకు కూర్చిన చిక్కని తీపివాసనలు మధ్యాహ్నమునకు తలనొప్పిగా పరిణమించును. వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లుకొనిన పెద్దలు ఈ వేడికి ఏది తగునో ఎఱిగినవారే. మఱియొక హెచ్చరిక: శుద్ధిచేయని బెర్గమాట్ తైలము గల ద్రవమును మెడకు పూసికొని యెండలో తిరిగినచో, అందలి యొక పదార్థము ఎండతో కలిసి చర్మమును మాడ్చి నల్లని మచ్చలు మిగుల్చును. ఏ సీసానైనను కొనుటకు ముందు మోచేతి లోపలివైపున ఒక చుక్క వేసికొని మఱునాటివఱకు వేచియుండుట మంచిది. దద్దు పుట్టినచో ఎంత ఖరీదైనదైనను అది మనది కాదు.

చర్మమునకు తగుట వట్టి వ్యాపారపుమాట కాదని తెలుపు పరిశీలన యొకటి కలదు. చెక్ దేశపు పరిశోధకులు 2012లో దానిని ప్రకటించిరి. మనుష్యుల సహజమైన దేహగంధము, వారు తమకై తాము ఎన్నుకొనిన పరిమళముతో కలిసినపుడు, ఇతరులు నిర్ణయించి యిచ్చిన పరిమళముతో కలిసినప్పటికంటె హితముగా తోచెనట. తన మేని వాసనకు ఏది కుదురునో మనుష్యుడు తనకు తెలియకయే యెఱుగునన్న మాట. మన పూర్వులును ఈ వైవిధ్యమును గుర్తించిరి. వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున బృహత్సంహితలో గంధయుక్తికి ఒక యధ్యాయము కేటాయించి, పదునాఱు ద్రవ్యములలో నాలుగేసి చొప్పున గ్రహించినచో 1,820 కూర్పులగుననియు, భాగములు మార్చుచు పోయినచో 1,74,720 పరిమళములగుననియు లెక్కగట్టెను. ఇన్నింటిలో అందఱికిని ఉత్తమమైనది ఒక్కటి కలదని యెవరైన చెప్పినచో నమ్మరాదు.

ఎన్నుకొను బుద్ధి మనదే యైనను, ఎంత పూసికొనవలెనను తీర్పునకు మాత్రము మనము తగము. ముక్కు ఒక వాసనకు కొలది నిమిషములలోనే అలవాటుపడి దానిని గుర్తించుట మానును. పూసికొన్నవారు ఆఱిపోయినదనుకొని మఱల చల్లుకొందురు. పక్కనున్నవారు ఉక్కిరిబిక్కిరి యగుదురు. తన పరిమళమును గుఱించి అందఱికంటె తక్కువ తెలిసినవాడు తానే! ఇంటిలో మొగమోటము లేక మాటాడు చిన్నపిల్లలుందురు. వారిని అడుగుట యుత్తమము. రోగి మంచము దగ్గఱకు, ఉబ్బసము గలవారి యింటికి, కిక్కిరిసిన బస్సునకు పరిమళము లేకుండ పోవుటయే తగినది.

ఇక వ్యక్తిత్వము. సీసాపై ధైర్యమనియు, విజయమనియు, లాలిత్యమనియు వ్రాసి, ఇది పురుషునిది, ఇది స్త్రీది యని విభజించి యమ్ముచున్నారు. పరిమళము గుణమును చెప్పగలదా? మనుచరిత్రములో హిమాలయమున దారి తప్పిన ప్రవరుడు వరూధినిని చూచుటకు ముందే గాలిలో వచ్చిన తాంబూలపు వాసనవలన సమీపమున మనుష్యులున్నారని గ్రహించెను. ఆ పరిమళము అతనికి ఆమె యునికిని చెప్పినది. ఆమె మనస్సును చెప్పలేదు. దానికై యతడు ఆమెతో మాటాడవలసివచ్చెను. వాసన చెప్పగలిగినది అంతవఱకే.

చరిత్రలో పరిమళము ఎక్కువగా చాటినది గుణమును కాదు, ధనమును. కొండవీటి రెడ్డిరాజు కుమారగిరి (1386–1402) వసంతోత్సవములు జరిపి కర్పూరవసంతరాయలని బిరుదు పొందెను. ఆ యుత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అతనికే అంకితమిచ్చెను. అంతకు పూర్వమే, 1244–45లో, కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనమున చందనము, కర్పూరము, పన్నీరు, జవ్వాది మున్నగువానిపై సుంకములు నిర్ణయింపబడినవి. సముద్రము దాటి వచ్చిన వాసన రాజునకును వర్తకునకును తగినది. సేద్యగానికి తగినదా యని ఎవ్వరు నడుగలేదు. కస్తూరి సంగతి మఱియు దారుణము. దానికై మృగమును చంపుచుండిరి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ మృగమునకు రక్షణ కల్పించినది. 1888లోనే ఆల్బర్టు బౌర్ అను రసాయనజ్ఞుడు ప్రేలుడు పదార్థములపై పనిచేయుచు అనుకోకుండ కృత్రిమకస్తూరిని కనుగొనెను. కృత్రిమమని ముక్కు చిట్లించువారు, అసలుదానికి ప్రాణమిచ్చినదెవరో ఒకమాఱు తలచికొందురు గాక.

సంఘము ఒకరికి పరిమళమును తగినదిగా నిర్ణయించినట్లే, మఱియొకరికి దుర్గంధమును తగినదిగా నిర్ణయించినది. నాపరాతిగనిలో పగలెల్ల పని చేసి, దుమ్ముతోను చెమటతోను బస్సెక్కిన మనిషి పక్కన అత్తరు పూసికొన్నవారు రుమాలు ముక్కున కడ్డము పెట్టుకొనుట సర్వత్ర కనబడు దృశ్యము. అప్పుడే పుట్టిన చెమటకు వాసన లేదనవచ్చును. చర్మముపై నుండు సూక్ష్మజీవులు దానిని విడగొట్టినపుడు వాసన పుట్టును. ఆ జీవులు అధికారి చర్మముపైనను కూలివాని చర్మముపైనను ఉన్నవి. భేదమంతయు నీటిది, సబ్బుది, స్నానమునకు దొరకు తీరికది. అస్పృశ్యతను సమర్థించినవారు పలుమాఱు శుచినే సాకుగా చెప్పిరి. బావియొద్దకు రానీయక, పిమ్మట కంపు కొట్టుచున్నారని దూఱిరి. కఱవుసీమలో నీటిబిందె కొఱకు ఎదురుచూచువారికి వ్యక్తిత్వమునకు తగిన పరిమళమును బోధించుట పరిహాసము. గని పనివాని కుమారుడు తొలి జీతముతో ఒక సీసా కొనుక్కొని పూసికొనినచో దానిని డాంబికమని నవ్వువారును కలరు. మేము నవ్వము. అతడు మంచివాసన కోరుట తప్పు కాదు; తండ్రి చెమటకు సిగ్గుపడి కోరవలసివచ్చుట మనము అతనికి నేర్పిన పాఠము.

తార్కికులు గంధమును పృథివికి విశేషగుణముగా చెప్పిరి. నీటిలోను గాలిలోను తోచు వాసన వానిలో చేరిన పృథివీకణములదే యని వారి మతము. ఎండిన నేలపై తొలకరి పడినపుడు లేచు వాసనకు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టిరి. అంతకు పూర్వమే కన్నౌజు అత్తరు పనివారు కాల్చిన మట్టిని నీటితో మరగించి, ఆ యావిరిని చందనతైలములోనికి దింపి మట్టియత్తరు చేయుచుండిరి. అంగడిలో దానిని కొనువారు కలరు. ఆ మట్టిలోనే పని చేసి వచ్చినవాని పక్కన కూర్చుండుటకు మాత్రము మనకు ఇష్టము లేదు!

అన్నింటికంటె బాధాకరమైనది వేఱొకటి కలదు. మన పేరంటములలో ముత్తైదువల కాళ్లకు పసుపు, నుదుట కుంకుమ, మెడకు గంధము పూయుదురు. భర్త పోయిన స్త్రీకి ఆ మూడును లేవు, పూలు లేవు. ఇక్కడ చర్మమును గాని, స్వభావమును గాని ఎవ్వరును విచారింపలేదు. నిన్న ఆమెకు తగిన చందనము నేడు తగదని తీర్పు చెప్పిరి. భర్త మరణముతో ఆమె చర్మము మాఱినదా? చందనపు చలువ ఆమెకు అక్కఱలేకపోయినదా? భార్య పోయిన పురుషునికి ఏడాది తిరిగిన పిమ్మట అత్తరు వలదని చెప్పిన ఆచారమును మేము చూడలేదు. 1856లో చట్టము వితంతువుల పునర్వివాహమునకు త్రోవ తెఱచినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. పెండ్లి కోరినవారికి ఆ త్రోవ యున్నది. పెండ్లి కోరక, కేవలము ఒక చిటికెడు గంధమును కోరిన స్త్రీకి ఏ చట్టము అక్కఱ? ఇంటివారు ఒప్పుకొనిన చాలును. చదువుకొన్న యిండ్లలో సైతము ఆ ఒప్పుదల ఇంకను పూర్తిగా రాలేదు. ఆమెయే వలదనుకొనుచున్నదని ఇంటివారు చెప్పుదురు. కొందఱు నిజముగనే వలదనుకొనవచ్చును; అదియును వారి యెన్నికయే, దానిని గౌరవింపవలసినదే. కాని అడుగకముందే వచ్చిన సమాధానమును ఎన్నిక యని మేము అనజాలము.

శ్రావణమాసమున పేరంటము చేయు గృహిణులు గంధపుగిన్నెను లోపలిగదిలో కూర్చున్న యత్తగారి యొద్దకో, మేనత్త యొద్దకో తీసికొనిపోయి, పూయుదునా యని యడుగవలెను. నలుగురిలో కాదు, ఒంటరిగా నున్నపుడు. ఆమె వలదనిన బలవంతము వలదు. ఆమెకు చందనము ఇష్టమో, మల్లె యిష్టమో, మనుమరాలు తెచ్చిన స్ప్రే సీసాయే యిష్టమో, ఏ వాసనయు గిట్టదో మనకు ఇంతవఱకు తెలియదు, ఎవ్వరును అడుగలేదు.