మాట చూపు వస్తువు

"నా తెల్లగుఱ్ఱమును వేయి రూపాయలకు నీ కమ్మెద" నని యొకడు వ్రాసి యిచ్చె ననుకొందము. ఆతనికి తెల్లగుఱ్ఱములు రెండు కలవు. ఏది యమ్మబడినది? ఈ చిక్కు నేను కల్పించినది కాదు. 1872 సంవత్సరపు సాక్ష్యచట్టము 96వ సెక్షను క్రింద నీయబడిన యుదాహరణము. ఆ చట్టము స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను చిక్కు మాత్రము పోలేదు.

మన శాస్త్రకారులు దీనికి దగ్గఱి ప్రశ్న నేనాడో యడిగిరి. "సైంధవము తెమ్ము" అనిన సేవకు డుప్పు తేవలెనా, గుఱ్ఱమును తేవలెనా? భోజనమునకు కూర్చున్నవా డనిన నుప్పు. పయనమై నిలిచినవా డనిన గుఱ్ఱము. అచ్చట నర్థములు రెండు. ఇచ్చట నర్థ మొక్కటియే, వస్తువులు రెండు. అయినను రెంటను నిర్ణయించునది వక్త తాత్పర్యమే. దానిని మనకు తెలుపునది సందర్భము.

అట్లయిన వక్త మనస్సులోనిదే మాటకు వస్తు వందమా? అనరాదు. రాంపూరులో నూఱు బిఘాల భూమి కలవాడు దానినే వర్ణించి విక్రయించి, పిదప "నే నమ్మదలచినది వేఱొక చోట, వేఱు కొలత గల భూమి" యని సాక్ష్యము తెచ్చుటకు వీలులేదని 94వ సెక్షను. వర్ణన యొక వస్తువునకు సరిగా తగిలినపిమ్మట మనస్సు మాటను దాటజాలదు.

వర్ణనయే తప్పైనచో? కలకత్తాలో నిల్లు లేనివాడు "కలకత్తాలోని నా యిల్లు" అమ్మెను. ఆతని యిల్లు నది కావలనున్న హౌరాలో నున్నది. దస్తావేజు వ్రాసిననాటినుండి కొన్నవాడే దానిని స్వాధీనమం దుంచుకొనెను. ఆ యిల్లే యుద్దిష్టమని రుజువు చేయవచ్చును. 1905లో బెర్ట్రాండు రస్సెలు "ఇప్పటి ఫ్రాన్సురాజు" అను మాటను పరీక్షించి, అట్టి రాజు లేడు గనుక నాతనికి బట్టతల యను వాక్య మసత్యమనెను. ఆ కొలతచే హౌరా యిల్లు అమ్ముడే పోలేదు! తప్పు వర్ణనతోను వక్త యొక వ్యక్తిని చూపగలడని 1966లో డానెల్లను వ్రాసెను. వకీళ్లకు డానెల్లనే సమీపబంధువు.

ఇది పండితుల వినోద మనుకొనవలదు. ఒక వృద్ధురాలి పక్షమున నేను వాదించితిని. ఆమెకు చదువు రాదు. దస్తావేజు వ్రాయించినవాడు విక్రేత. అందలి చెక్కుబందీ పల్లపుచేనిది, సర్వేనంబరు రాతినేలది, రెండును విక్రేతవే. వర్ణనలో సగ మొకదానికి, సగము వేఱొకదానికి తగిలినది. 97వ సెక్షను చెప్పునది యిట్టి సంగతియే. ఆతడు నంబరును పట్టుకొని రాతినేలయే యిచ్చెద ననెను. నే నాతని నొక్కటే యడిగితిని: "బేరమునాడు ఈమెను తోడ్కొనిపోయి, యే గట్టుపై నిలిచి చేయి చాపి చూపితివి?" ఆతడు చాలసేపు పలుకలేదు.