రంతిదేవుడి ఇంటివాళ్లు

రంతిదేవుడి కథ మీద నాకు చిన్నప్పటి నుంచీ ఒక అనుమానం. సిరిసిల్లలో మా తాత మగ్గం దిగాక మార్కండేయ గుడి అరుగు మీద కూర్చుని పోతన భాగవతం చదివి అర్థం చెప్పేవాడు. 48 రోజులు పస్తున్న రాజుకు 49వ నాడు పొద్దున ఇంత పాయసం, ఇన్ని నీళ్లు దొరుకుతాయి. నోట పెట్టుకోబోతే ఒకరి వెనక ఒకరు అతిథులు వస్తారు. ఉన్నదంతా పెట్టేస్తాడు, ఆఖరికి ఆ కాసిని నీళ్లు కూడా. వినేవాళ్లు కళ్లు ఒత్తుకునేవాళ్లు. నేను మాత్రం, "తాతా, ఆయన ఇంటోళ్లు గూడ పస్తే గదా, వాళ్లను ఎవరన్న అడిగిన్రా?" అనేదాన్ని. "అంత దూరం కథ పోదు బిడ్డా" అని తాత పుస్తకం మూసేవాడు.

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాక ఆ ప్రశ్నే ఇంకో రూపంలో ఎదురైంది. ఫ్లూ అనుమానం ఉన్నవాళ్ల గొంతు స్వాబ్‌లు పరీక్షించడం, కొన్నిటిని పై ల్యాబ్‌కు పంపడం నా పని. ట్యూబు మూత చుట్టూ టేపు, దాని చుట్టూ దూది, దాన్ని మరో డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఐస్ ప్యాక్‌ల మధ్య థర్మాకోల్ పెట్టెలో దించేవాళ్లం. పెట్టె పుణె వెళ్తుందని మాకు తెలుసు. ఆ తరువాత కథ పెద్దది. ఫ్లూ మీద ప్రపంచమంతా కలిసి కాసే నిఘా 1952లో మొదలైంది. వందకు పైగా దేశాల ల్యాబ్‌లు తమ దగ్గర దొరికిన వైరస్‌లను పంచుకుంటాయి. లండన్, అట్లాంటా, మెల్‌బోర్న్, టోక్యో, బీజింగ్ కేంద్రాలు వాటిని పరిశీలిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుని, రాబోయే సీజను టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో చెబుతారు. కంపెనీలు తయారు చేసి అమ్ముకుంటాయి. మొదట దగ్గిన మనిషి దాకా ఆ టీకా తిరిగి వస్తుందా అన్నది చాలాకాలం ఎవరి పద్దులోనూ లేదు.

ఆ పద్దు తెరిపించింది ఇండోనేషియా. బర్డ్ ఫ్లూ అక్కడ మనుషుల ప్రాణాలు తీస్తున్న రోజుల్లో, 2007 మొదట్లో, ఆరోగ్య మంత్రి సితి ఫదిలా సుపారి వైరస్ నమూనాలు పంపేది లేదన్నారు. తమ రోగుల నుంచి వెళ్లిన వైరస్‌తో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకాకు దిగింది. ఆ టీకా కొనే స్తోమత తమ జనానికి ఉండదని ఆమె కోపం. వైరస్‌ను దాచుకోవడం లోకం ప్రాణాలతో ఆడుకోవడమేనని మిగతా దేశాలు విరుచుకుపడ్డాయి. వాళ్ల మాటా నిజమే, ఆమె మాటా నిజమే. నాలుగేళ్లు బేరమాడాక 2011 మేలో ఒక ఏర్పాటు కుదిరింది. దేశాలు ఫ్లూ వైరస్‌లను పంచుకోవాలి. వాటితో వ్యాపారం చేసే కంపెనీలు నిఘా ఖర్చులో పాలు పెట్టాలి. మహమ్మారి వచ్చినప్పుడు తమ సరుకులో కొంత ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందేలా ముందే రాసివ్వాలి.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు ఋణాల సంగతి గుర్తొచ్చింది. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అందరూ చెప్పుకునేవే. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెబుతుంది, తోటి మనుషుల ఋణం. వాళ్లకు చోటిచ్చి, అన్నం పెట్టి అది తీర్చుకోవాలట. వేదకాలంలోనే టీకాలున్నాయని నేను చెప్పబోవడం లేదు. ఆ పనికి వేరే వాళ్లున్నారు. నన్ను పట్టుకున్నది ఒకటే: అతిథికి పెట్టే అన్నం అక్కడ దయ కిందికి రాదు, బాకీ కిందికి వస్తుంది. దయ అయితే ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది పెట్టేవాడి ఇష్టం. బాకీకి లెక్కుంటుంది, గడువుంటుంది, పుచ్చుకునేవాడు చెయ్యి చాచి నిలబడనక్కర్లేదు. ఎవరి గొంతులోంచో తీసిన వైరస్‌తో మొదలైన టీకాలో కొంత వాళ్లకు పంపితే అది ఏ లెక్కన దానం?

2021లో కోవిడ్ టీకాల విషయంలో మన దేశం పెట్టేవాడి పాత్ర, ఆపేవాడి పాత్ర రెండూ వేసింది. జనవరి 20న భూటాన్‌కు, మాల్దీవులకు మొదటి టీకాలు వెళ్లాయి. ఫిబ్రవరి 24న పుణెలో తయారైన 6 లక్షల డోసులు ఘనాలో దిగాయి. పేద దేశాల కోసం పెట్టిన కోవాక్స్ పథకంలో అదే మొదటి సరుకు. టీవీల్లో మనల్ని మనం మెచ్చుకున్నాం. ఏప్రిల్ వచ్చేసరికి మా ల్యాబ్‌లో పాజిటివ్ జాబితాల్లో మా వాళ్ల పేర్లే కనిపిస్తున్నాయి. ఇక్కడ జనం చస్తుంటే బయటికి పంపుతారా అని అందరికీ మంట, నాకూ మంటే. ఎగుమతులు ఆగాయి. మన సరుకునే నమ్ముకున్న ఆఫ్రికా దేశాల్లో మొదటి డోసు వేయించుకున్నవాళ్లు రెండోదాని కోసం నెలల తరబడి ఎదురుచూశారు.

అప్పుడు ఆపడం తప్పని నేను అనలేను. మహాభారతం శాంతిపర్వంలో పన్నెండేళ్ల కరువులో విశ్వామిత్రుడంతటివాడు ప్రాణం నిలుపుకోవడానికి కుక్క మాంసం దొంగిలించబోయాడు. ఆపద్ధర్మానికి ఒప్పుదల ఉంది. కానీ ఆయన ఆ పూట గడవడానికి చూశాడు, గాదె నింపుకోవడానికి కాదు. అదే కాలంలో కొన్ని ధనిక దేశాలు తమ జనాభాకు సరిపోయేదాని కంటే ఎన్నో రెట్లు ముందే బుక్ చేసుకుని కూర్చున్నాయి. మనది ఆపద, వాళ్లది అటక. రెంటినీ ఒకే గాటన కట్టలేం.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. కరువు నడిమధ్యలో ఏ ప్రభుత్వమూ రంతిదేవుడు కాలేదు, కాకూడదు కూడా. ఆయన పణంగా పెట్టింది తన ప్రాణం. మంత్రి చేతిలో ఉన్నది జనం వాటా. ఇంటివాళ్లను అడక్కుండా ఇచ్చేస్తే అది త్యాగం కాదు. ఆకలి మీద ఉన్నప్పుడు అడిగితే వాళ్లు వద్దంటారు. అడగాల్సింది అతిథి రాకముందు, కడుపు నిండి ఉన్నప్పుడు. మహమ్మారి లేని రోజుల్లో వాటా రాసుకోవడంలో ఉన్న నీతి నాకు ఇక్కడే కనిపిస్తుంది. రోగం ముందు ఏ దేశంలో పుడుతుందో, టీకా ఎవరి ఫ్యాక్టరీలో తయారవుతుందో తెలియనప్పుడే మనిషి న్యాయంగా ఆలోచించగలడు.

వాటా సంగతి ఇలా ఉంటే, నిజం చెప్పే సంగతి ఇంకా కష్టం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్నారు. మా చిన్నాయన అక్కడ మరమగ్గాల మీద పనిచేసేవాడు. దొరికిన రైలెక్కి సిరిసిల్ల వస్తే ఊళ్లో ఎవరూ వాకిట్లోకి రానివ్వలేదు. లోకం మన దేశాన్నీ అలాగే చూసింది. గల్ఫ్ దేశాలు విమానాలు ఆపాయి. ఆ తరువాత 2005లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు తిరగరాశారు: ప్రమాదం ఉందని తేలిన 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పాలి, మిగతావాళ్లు అవసరానికి మించి దారులు మూయకూడదు. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా, బోత్స్వానా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ సంగతి దాచకుండా చెప్పారు. రోజుల్లోనే వాళ్ల విమానాలకు తలుపులు మూసేశారు. నిజం చెప్పిన ప్రతివాడూ కాటికాపరి కావాలంటే, వచ్చేసారి చెప్పేందుకు హరిశ్చంద్రుడే పుట్టాలి. దేశాలను హరిశ్చంద్రులుగా ఊహించుకుని రాసిన నిబంధన నిలవదు. మామూలు మనుషులు మామూలు భయాలతో కూడా నిజం చెప్పగలిగేలా ఉండాలి. ముందు చెప్పినవాడికి మందులు, డబ్బు, మనుషులు ముందు చేరాలి. అదీ బాకీయే.

2025 మే 20న జెనీవాలో మహమ్మారి ఒప్పందానికి ఆమోదం దొరికింది. అమెరికా ఆ బల్ల దగ్గర లేదు. ఒప్పందంలో చేరే తయారీదారులు మహమ్మారి వేళ టీకాలు, మందులు, పరీక్ష కిట్లలో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందించాలని, అందులో కనీసం సగం ఉచితంగా ఉండాలని రాశారు. అయితే నమూనాలు ఎలా పంచుకోవాలి, ప్రతిఫలం ఎలా చేరాలి అన్న అనుబంధాన్ని తరువాతి చర్చలకు వదిలారు. అది తేలేదాకా ఒప్పందాన్ని సంతకాలకు తెరవరు. 'ముందు వైరస్ ఇవ్వండి' అని ఒకరు, 'ముందు వాటా రాయండి' అని ఒకరు. సుపారి పెట్టిన పేచీయే.

మాట తప్పితే జప్తుకు వచ్చే అమీనా ఎవరు అని అడగొచ్చు. ఎవరూ లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు పోలీసులు లేరు. కానీ అమీనా లేడని బాకీ మాఫీ అయిపోదు. రాసిన పత్రం ఉంటే కనీసం ఎగ్గొట్టినవాడెవరో నలుగురికీ తెలుస్తుంది, దయ చూపించామని చెప్పుకునే వీలు పోతుంది.

ఈ లెక్కలో మన చోటు విచిత్రమైంది. గొంతు స్వాబ్ పంపే దేశమూ మనదే, హైదరాబాద్, పుణెల నుంచి లోకానికి టీకాలు అమ్మే దేశమూ మనదే. రావాల్సిన బాకీ, ఇవ్వాల్సిన బాకీ రెండూ మన పేరునే ఉన్నాయి. కాబట్టి జెనీవాలో మన వాళ్లు ముందు మన కంపెనీల వాటా రాసివ్వాలి. ఆ తరువాత అవతలివాళ్ల వాటా అడిగితే ఆ అడగడానికి బలముంటుంది.