పచ్చిమట్టి, కాలిన కుండ

వాక్యభాగము: యిర్మీయా 18:1–12; 19:1–11

యిర్మీయా ప్రవక్త కుమ్మరి యింటికి వెళ్లిన సంగతి మన సంఘములలో ఎరుగనివారు లేరు. ఉజ్జీవ కూటములలోను ఉపవాస ప్రార్థనలలోను తరచుగా వినబడు భాగమిది. బోధకులు సాధారణముగా దీనిని ఒక్క మాటతో ముగింతురు: కుమ్మరి చేతిలో మట్టి నోరెత్తదు, మనమును అట్లే యుండవలెను అని. అది సత్యమే గాని ఆ అధ్యాయము చెప్పునదంతయు అది కాదు. ఈ నెల మేము అడుగదలచిన ప్రశ్న వేరు. చెడిపోయిన పచ్చిమట్టిని కుమ్మరి మరల చేయగలడు. కాలిన కుండను చేయలేడు. మనుష్యుని విషయములో ఈ రెంటికి నడుమ గీత ఎక్కడ నున్నది? "వాడు ఇక మారడు" అని ఒకని గూర్చి చెప్పుటకు మనకు ఎప్పుడు అధికారము వచ్చును?

ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. సంఘ పట్టీ సరిచూచు దినమున పెద్దలు ఒక్కొక్క పేరు దగ్గర ఆగుదురు. త్రాగుబోతు భర్త, బిడ్డలను విడిచి పోయిన తండ్రి, అన్నదమ్ముల పొలము వ్రాయించుకొన్నవాడు. "వీనిని గూర్చి ఇక చెప్పి లాభము లేదు" అని ఎవరో ఒకరు అందురు. ఆ మాటకు అందరును తల యూపుదురు, కాగితము తిరుగును.

దీనికి సహాయకరమైన కొన్ని సంగతులు హైదరాబాదులోని మట్టిపని శాలలలో కనబడును. మన పల్లె బిడ్డలు అనేకులు నేడు హైటెక్ సిటీ ప్రాంతములో కంప్యూటరు ఉద్యోగములలో నున్నారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి పొలిమేరలలోని రాతిగుట్టలు అద్దాల మేడలాయెను. వాటి నడుమనే 1992లో నెలకొల్పబడిన శిల్పారామమను చేతిపనుల గ్రామమున్నది. అక్కడ సారె తిరుగుట చూడవచ్చును. ఇటీవలి కాలములో ఆ చుట్టుపట్ల నగరములో మట్టిపని నేర్పు శాలలు కూడ వెలసినవి. వారమంతయు తెరల యెదుట కూర్చున్న యువతీయువకులు సెలవు దినమున రుసుము చెల్లించి అక్కడ మట్టి పిసుకుదురు. (ఆదివారము ఆరాధన మాని పోవువారి సంగతి వేరొక నెల మాటలాడుకొందము.)

ఇది విని మన పెద్దలు నవ్వుదురు. లక్షలు పోసి చదివించితిమే, డబ్బిచ్చి మట్టి పిసుకుటకా అని. మేము నవ్వము. గాని ఒక మాట చెప్పక విడువజాలము. మన ఊరి కుమ్మరి కుమారుడు సారె విడిచిపెట్టి ఆటో నడుపుచున్నాడు. స్టీలు బిందె, ప్లాస్టిక్ డబ్బా, ఫ్రిజ్జు వచ్చినవి. పెండ్లికి ఐరేని కుండలు, వేసవికి కూజాలు తప్ప వానిని అడుగువారు లేరు. అదే మట్టి, అదే సారె, ఇక్కడ కులవృత్తి, అక్కడ కళ. చేతిపని వలన చిన్నచూపు చూడబడుట యెట్టిదో మన సంఘములలో అనేకులకు వేరుగా చెప్పనక్కరలేదు. దేవుడు నేలమంటితో నరుని నిర్మించెనని ఆదికాండము 2:7 చెప్పుచోట వాడబడిన హెబ్రీ క్రియయు, కుమ్మరి అను హెబ్రీ పదమును ఒకే ధాతువునుండి పుట్టినవి. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 4:23లో కుమ్మరివారు రాజునొద్ద కాపురముండి అతని పని చేసిరని వ్రాయబడినది. ఆ వచనము మీద ప్రసంగము మేమింతవరకు వినలేదు.

ఇక పని సంగతికి వత్తము. ఆ శాలలలో నేర్చుకొనువానికి మొదటి కష్టము మట్టిని సారె నడుమకు తెచ్చుట. మట్టిముద్ద వెంట్రుకవాసి ప్రక్కకున్నను, సారె తిరుగుకొలది చేయి అదరును, గోడ ఒక ప్రక్క పలుచబడును, చివరకు అంతయు కూలును. క్రొత్తవాని చేతిలో ఒక పూటకు నాలుగైదు గిన్నెలు ఈలాగు కూలుట వింత కాదు. అవి ఏమగును? ఒక మూలనున్న తొట్టిలో వేయబడును. అందులో నీరుండును. కూలిన గిన్నెలు, వంకర గిన్నెలు, చెక్కినప్పుడు రాలిన మట్టిపేళ్లు, పూర్తిగా ఎండి పగిలినవి కూడ అందులోనికే పోవును. ఎముక వలె ఎండిన పచ్చికుండ నీటిలో పడగానే బుడగలు విడిచి, కొన్ని గంటలలో కరిగి బురదయగును. దానిని ఆరబెట్టి, పిసికి, గాలి లేకుండ చేసి మరల సారె మీద పెట్టుదురు. ఎన్నిమారులైనను ఇట్లు చేయవచ్చును. అంతేకాదు, చాలకాలము నానిన పాతమట్టి క్రొత్తమట్టికంటె మెత్తగా చేతికి లొంగునని కుమ్మరులు దానిని కోరుకొందురు. చెరువుమట్టి తెచ్చి నానబెట్టు మన ఊరి కుమ్మరికిని ఇది తెలిసినదే.

గమనింపుడి: ఎండుట వేరు, కాలుట వేరు. ఎండిన కుండయు గట్టిగానే కనబడును. చేతితో తాకిన కాలిన కుండ వలెనే యుండును. ఎరుగనివాడు దానిని చూచి ఇది ఇక మారదనును. నీళ్లలో వేసినప్పుడు గాని తేడా తెలియదు.

కాలినప్పుడు జరుగునది వేరు. వేడి సుమారు ఐదారువందల డిగ్రీలకు చేరునప్పుడు మట్టి రేణువులలోనే బంధింపబడియున్న నీరు విడిపోవును. ఆ తరువాత సముద్రములో ముంచినను అది మట్టి కాదు. మన ఊరి ఆవములో కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి ఒక రాత్రిలో కాల్చుదురు. పట్టణపు శాలలో విద్యుత్తు కొలిమి. మొదట సుమారు వేయి డిగ్రీల వరకు ఒక కాల్పు. అప్పుడు కుండ గట్టిపడును గాని ఇంకను నీరు పీల్చును. దాని మీద గ్లేజు అను గాజుపూత వేయుదురు. అది ఇసుకరాతి పొడి, మట్టి, వాటిని కరిగించు మరికొన్ని పొడులు నీళ్లలో కలిపినది. కుండ నీటిని పీల్చుకొని పొడిని పైన నిలుపుకొనును. ఆ తరువాత రెండవ కాల్పు, మట్టి రకమును బట్టి పన్నెండువందల డిగ్రీలు దాటి కూడ. అప్పుడా పొడి కరిగి గాజగును. పూసినప్పుడు బూడిదవలెనో సున్నమువలెనో ఉన్నది ఆకుపచ్చయై బయటికి వచ్చును. రాగి కలిసిన పూత గాలి ఆడు కొలిమిలో పచ్చనగును, గాలి చాలని కొలిమిలో ఎర్రనగును. లోపల ఏమైనదో కొలిమి చల్లారువరకు తెలియదు. తొందరపడి తలుపు తీసిన పగుళ్లు వచ్చును. ఒక దినమో అంతకు ఎక్కువయో కాచుకొనవలెను. వ్రేలితో ఒక మీట నొక్కగానే పని యగు ఉద్యోగములోనివారు ఈ కాచుకొనుటకు డబ్బిచ్చుట మాకు మంచి సంగతిగానే తోచుచున్నది.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. పదునెనిమిదవ అధ్యాయములో ప్రవక్త చూచినది పచ్చిమట్టి. పందొమ్మిదవ అధ్యాయములో చేత పట్టుకొని బెన్‌హిన్నోము లోయకు వెళ్లి జనుల యెదుట పగులగొట్టినది కాలిన కూజా. దానిని మరల బాగుచేయ శక్యము కాదని దేవుడే సెలవిచ్చెను. ఒక్క పుట తిప్పునంతలో పచ్చిమట్టి కాలిన కూజా ఆయెను. నడుమ ఏమి జరిగెను? 18వ అధ్యాయము 7 మొదలు 10 వరకు చదువుడి. ఒక జనము తన చెడుతనము విడిచి తిరిగిన యెడల తానును చేయనుద్దేశించిన కీడు విషయమై తిరుగుదునని దేవుడు చెప్పుచున్నాడు. అనగా ఈ మట్టి వట్టి మట్టి కాదు. జవాబు చెప్పగల మట్టి. కుమ్మరి ఈ మట్టి జవాబు కొరకు చేయి ఆపి కాచుకొనుచున్నాడు. 12వ వచనములో జవాబు వచ్చినది: ఇక లాభము లేదు, మా ఆలోచనల ప్రకారమే మేము నడుతుమని జనులు చెప్పిరి.

అగ్ని అక్కడ అంటుకొన్నదని మా అభిప్రాయము. వారి పాపములు అంతకు ముందు వచనములలోను ఉన్నవి. వాటివలన మట్టి చెడినది గాని కాలలేదు. లాభము లేదను మాట వారి నోటనుండి వచ్చిన తరువాతనే కాలిన కూజా కనబడుచున్నది. అది వారు తమ్మును గూర్చి తాము చెప్పుకొన్న మాట. దేవుడు వారిని గూర్చి అంతకు ముందు ఆ మాట చెప్పలేదు. సంఘ పట్టీ దగ్గర మన నోట వచ్చు మాటయు అదియే అని గమనించినప్పుడు భయము కలుగును. ఒకడు తన్నుగూర్చి తాను ఇంకను అనని మాటను మనము ముందుగా వానిని గూర్చి అని, వానికి నేర్పుచున్నాము. ఊరంతయు పదియేండ్లు ఒకని చెవిలో ఆ మాట వేసిన తరువాత వాడును అదే పలుకును.

అయితే ఇక్కడ ఒక అక్క లేచి అడుగవచ్చును: అయ్యగారూ, మట్టి మాట సరే, ప్రతి రాత్రి త్రాగి వచ్చి నన్ను కొట్టువానిని ఎంతకాలము పచ్చిమట్టి అనుకొందును? ఈ ప్రశ్నను దాటి పోవు బోధ మాకు ఇష్టము లేదు. కొలిమి సంగతియే మరల చూతము. పట్టణపు శాలలలో కొలిమి ఉమ్మడిది. పదిమంది గిన్నెలు ఒకే అర మీద కాలును. లోపల తడి ఆరని దళసరి కుండ ఒకటి అందులో ఉన్నయెడల వేడికి ఆ తడి ఆవిరియై కుండ పేలును, పెంకులు చుట్టునున్నవాటిని పాడుచేయును. గాజుపూత కారిన గిన్నె క్రింది పలకకు అంటుకొనును. కాబట్టి శాలను నడుపువారు ప్రతిదానిని చేతపట్టి చూచి, తడియున్నదానిని వెలుపల నుంచుదురు. "ఇది నేడు కాదు" అందురు. దానిని పారవేయరు. అర మీద ఆరుటకు పెట్టుదురు. దెబ్బలు తినుచున్న స్త్రీ తన బిడ్డలను తీసికొని పుట్టింటికి పోవుట, ఠాణాలో చెప్పుకొనుట, పెద్దలు ఆమె పక్షమున నిలుచుట, ఇవన్నియు తడికుండను ప్రక్కన పెట్టుటయే. వానిని కాపాడుటకు ఆమెను పగులనిచ్చుట కుమ్మరి పద్ధతి కాదు. కొరింథులో పౌలు ఒకనిని సంఘమునుండి వెలివేయుమనెను. రెండవ పత్రిక 2వ అధ్యాయములో శిక్షపొందిన ఒకనిని ఇక క్షమించి ఆదరించుడని, లేనియెడల వాడు దుఃఖములో మునిగిపోవునని వ్రాసెను. ఈ ఇద్దరును ఒకడే అని పూర్వమునుండి అనేకులు తలంచుచున్నారు. ప్రక్కన పెట్టుట మనకు సులువుగా వచ్చును. మరల వెళ్లి తడి ఆరెనా అని చేత పట్టి చూచువారు మన సంఘములలో ఎందరు?

ఇంకొకటి మిగిలినది. నిజముగానే కాలి, పగిలినవాని మాటేమి? కొందరు అట్టివారున్నారు, లేరనుట వట్టి తియ్యని మాట. యిర్మీయా పగులగొట్టిన కూజా మరల కూజా కాలేదు. గాని కుమ్మరి పెంకులను కూడ పారవేయడు. కాలిన పెంకులను దంచి, జల్లెడ పట్టి, ఆ పొడిని పచ్చిమట్టిలో కలుపుదురు. పట్టణపు శాలలలో దానిని గ్రాగ్ అందురు. అది కలిసిన మట్టి ఎండునప్పుడు తక్కువగా ముడుచుకొనును, పగుళ్లు తగ్గును. పెద్ద పాత్రలకు దానిని వాడుదురు. జైలునుండి వచ్చిన ఒక ముసలివాడు తన బ్రదుకు సరిచేసికొనలేకపోయినను, సంఘపు పిల్లలను సారాదుకాణము దరి చేరనీయక కాచుట మేమెరుగుదుము. ఆయన మరల కుండ కాలేదు. ఆయన పొడి ఇతరుల మట్టిలో కలిసినది.

యెషయా 30:14 చదివినయెడల, ఆ దినములలో పొయ్యినుండి నిప్పు తెచ్చుకొనుటకును గుంటలోని నీళ్లు తోడుకొనుటకును జనులు కుండపెంకులు వాడిరని తెలియును. అగ్గిపెట్టెలు లేని కాలమున మన అవ్వలును పొరుగింటినుండి పెంకులోనే నిప్పు తెచ్చుకొనిరి. యిర్మీయా జీవించిన దినములలోనే, బబులోను సేన దేశము మీదికి వచ్చుచుండగా, యూదాలోని లాకీషు కోట సేనాపతికి అతని క్రింది అధికారులు వ్రాసిన లేఖలు 1935లో త్రవ్వకములలో దొరికినవి. అవి పగిలిన కుండపెంకుల మీద సిరాతో వ్రాయబడినవి. వాటిలో పెక్కు నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. ఇరువదియైదు వందల యేండ్లు మంటిలో పడియున్నను సిరా చదువ వీలగుచున్నది.