అనుమానించడం పాపమా?

ఎదుటి మనిషిని నమ్మడం మంచి గుణమని పిల్లలకు చిన్ననాటి నుండి నేర్పుతున్నాం. ఆ బిడ్డే ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్ళి, ఫోనులో చూసిన ఇంటికి అడ్వాన్సు కట్టి మోసపోతే, తప్పు ఆ నమ్మకానిదా?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలకు ఊరూరి నుండి యువతీ యువకులు తరలి వస్తూనే ఉన్నారు. ఉద్యోగంలో చేరే రోజు దగ్గర పడుతుంది, ఇల్లు దొరకదు. ఆ తొందరే మోసగాడి పెట్టుబడి. ఎవరిదో ఇంటి ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి, అద్దె చౌకగా చెబుతాడు. సైన్యంలో ఉన్నాననీ, బదిలీ అయి దూరంగా ఉన్నాననీ దొంగ గుర్తింపు కార్డు పంపుతాడు. "ఇంకా ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ పంపండి" అంటాడు. డబ్బు చేరాక ఫోను మూగపోతుంది. ఇల్లు అద్దెకిచ్చేవారినీ వదలరు. అడ్వాన్సు పంపుతామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి, పిన్ నొక్కిస్తారు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కరలేదని గుర్తుంచుకోండి.

ఇల్లు కళ్ళారా చూడందే, యజమానిని కలవందే ఒక్క రూపాయి పంపకండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు అడగండి. పక్కింటివారిని వాకబు చేయండి. ఇలా అడగడం ఎవరినీ అవమానించడం కాదు. నిజాయితీపరుడు సంతోషంగా చూపిస్తాడు.

మోసపోయిన బిడ్డను "నీకు బుద్ధి లేదా?" అని నిందించకండి. సిగ్గుతో దాచుకున్న ప్రతి గంటా ఆ డబ్బును మరింత దూరం చేస్తుంది. వెంటనే 1930కి ఫోను చేయించండి. సొమ్ము ఇంకా బ్యాంకు ఖాతాలో ఉంటే ఆపే వీలుంటుంది. వేరొకరిగా చెప్పుకొని కంప్యూటరు, ఫోను ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరం. తప్పు చేసినవాడు అతడు.

ఇక మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. పెళ్ళి కానివారికి ఇవ్వమనీ, మీదే కులమనీ అడిగి ఎన్ని తలుపులు మూస్తున్నాం? తిరిగి తిరిగి విసిగిన బిడ్డకు మోసగాడి తియ్యని మాటే దిక్కవుతుంది. నగరంలో ఇల్లున్న కుటుంబాలు అద్దె సంగతి విచారణ గురువులకు చెప్పి ఉంచవచ్చు. ఊరి నుండి వచ్చే బిడ్డ తరఫున ఒకసారి వెళ్ళి ఆ ఇల్లు చూసి రావచ్చు. ఎవరినీ నమ్మవద్దని పిల్లలకు చెప్పడం తేలిక. నమ్మదగిన మనుషులుగా వారికి అందుబాటులో ఉండడం మన బాధ్యత.