అందరూ మారాక అదే దళమా?

డ్రమ్ కోర్ అమెరికాలో ఎదిగిన యువజన కవాతు వాద్యబృందం. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ దాని మూడు అంగాలు. ఏడాదికొక ప్రదర్శనను తయారుచేసి, వేసవి పొడవునా ఊరూరా తిరిగి ఫుట్‌బాల్ మైదానాల్లో పోటీ పడతారు. 1971లో ఏర్పడిన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ 1972లో తొలి జాతీయ పోటీలు జరిపింది. ఈ పోటీల్లో సభ్యులకు వయోపరిమితి ఉంది. 22 ఏళ్లు నిండేసరికి దాదాపు అందరూ దళం విడవవలసిందే. అంటే నాలుగైదేళ్లలో ఒక దళంలోని వాద్యకారులు ఇంచుమించు పూర్తిగా మారిపోతారు. నిలిచి ఉండేది నాయకత్వం, శిక్షకులు, పేరు, దుస్తులు, వాయించే తీరు. ఇవి కూడా మారిపోతే మిగిలినది పాత దళమేనా అన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్నకు కొత్త రూపం.

ఈ ప్రశ్నకు గట్టి ఉదాహరణ కేడెట్స్ దళం. 1934లో న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో ఒక కాథలిక్ చర్చి నీడన అది హోలీ నేమ్ కేడెట్స్‌గా మొదలైంది. తరువాత గార్‌ఫీల్డ్ కేడెట్స్, బెర్గన్ కౌంటీ కేడెట్స్, చివరకు ఉత్త కేడెట్స్ అయింది. మకాం పెన్సిల్వేనియాకు మారింది. 1983 నుంచి 2011 దాకా పది జాతీయ విజయాలు సాధించింది. 1984లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ సంగీతంతో ఇచ్చిన ప్రదర్శనను అభిమానులు నేటికీ తలుచుకుంటారు. మెరూన్, బంగారు రంగుల సైనిక దుస్తులు దాని గుర్తు. తరువాత అవీ పక్కకు వెళ్లాయి. 2018లో వేధింపుల ఆరోపణల నడుమ దీర్ఘకాల డైరెక్టర్ తప్పుకున్నారు, పాలకవర్గం మారింది. దశాబ్దాల కిందటి లైంగిక వేధింపుల ఆరోపణలపై వచ్చిన దావా భారం మోయలేక 2024 జనవరిలో సంస్థ మూతపడింది. ఊరు, పేరు, దుస్తులు, మనుషులు, నాయకులు అన్నీ మారినా ఇన్నేళ్లూ జనం దాన్ని ఒకే దళంగా ఎంచారు. ఏ ఆధారంతో?

మొదటి జవాబు భాగాలను బట్టి చెప్పేది. ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడ కథలో పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేస్తూ పోయారు. అది అదే ఓడా కాదా అని తత్త్వవేత్తలు వాదించుకున్నారు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ దానికి మరో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలను ఒకరు దాచి, అదే క్రమంలో బిగించి రెండో ఓడ కడితే అసలు ఓడ ఏది? డ్రమ్ కోర్‌లకు ఇది ఊహాచిత్రం కాదు. కవాతు రచయిత, బాకాల శిక్షకుడు, డ్రమ్ముల శిక్షకుడు జట్టుగా ఒక దళం వదిలి మరో దళానికి వెళ్లడం ఆ రంగంలో మామూలే. వారి వెంట ఒక బాణీ కూడా వెళుతుంది. అప్పుడు పాత పేరు ఒక చోట, పాత నాదం మరొక చోట కనిపిస్తాయి. పేరు ఉన్న చోటే దళం ఉందంటే నాదం లెక్కలేనిదవుతుంది. నాదం ఉన్న చోటే ఉందంటే దళం శిక్షకుల సామాను పెట్టెలో ప్రయాణించే వస్తువవుతుంది.

రెండో జవాబు రూపాన్ని బట్టి చెప్పేది. అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’ మూడో భాగంలో నగర రాజ్యం గురించి చెబుతూ గాయక బృందాన్ని పోలికగా తెచ్చాడు. అదే మనుషులు ఒకసారి విషాద నాటకంలో, మరోసారి హాస్య నాటకంలో పాడితే అవి రెండు వేర్వేరు బృందాలు. రాజ్యానికైనా అంతే, రాజ్యాంగం మారితే రాజ్యం మారినట్టే. స్టార్ ఆఫ్ ఇండియానా కథకు ఈ మాట చక్కగా అతుకుతుంది. 1991లో విజేతగా నిలిచిన ఆ దళం 1993 తరువాత పోటీలు మానేసింది. ఆ మూలం నుంచే పుట్టిన ‘బ్లాస్ట్!’ రంగస్థల ప్రదర్శన 2001లో టోనీ పురస్కారం పొందింది. వేరు ఒకటే, చెట్టు వేరు. కానీ రూపమే గుర్తింపు అంటే డ్రమ్ కోర్‌లన్నీ చాలాసార్లు చచ్చి పుట్టినట్టు లెక్క. ఒకే శ్రుతి బ్యూగిల్స్ నియమం 2000లో సడలింది. 2004లో మైకులు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలు వచ్చాయి. 1938 నుంచి మగవారికే పరిమితమైన మాడిసన్ స్కౌట్స్ 2019లో అందరికీ తలుపులు తెరిచింది. అయినా ఆ దళం ఆగిపోయిందని ఎవరూ పాడె కట్టలేదు.

భారతీయ దర్శనాలు ఈ చిక్కును మరో వైపు నుంచి పట్టుకున్నాయి. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులకు కుండ, వస్త్రం వంటివి అవయవాలకు వేరుగా నిజంగా ఉన్న అవయవులు. సేన, వనం మాత్రం ఉత్త సమూహాలు. దూరం నుంచి చూస్తే ఒకటిగా కనిపిస్తాయి, దగ్గరికి వెళితే మనుషులు, చెట్లు. ఈ లెక్కన దళానికి తనదంటూ ఉనికి లేదు. అయితే “ఆనాడు చూసిన దేవదత్తుడే ఇతడు” అన్నట్టు దళాన్ని కూడా గుర్తుపడుతున్నాం కదా? ఈ గుర్తింపునే ప్రత్యభిజ్ఞ అంటారు. బౌద్ధులు దీన్ని ప్రమాణంగా ఒప్పుకోలేదు. కత్తిరించాక మళ్లీ పెరిగిన గోళ్లను, క్షణక్షణం మారే దీపజ్వాలను కూడా ‘అదే’ అంటాం. పోలిక చూసి మోసపోతున్నామన్నది వారి వాదం. అద్వైతులు దేవదత్తుని ఉదాహరణను వేరే పనికి వాడారు. ‘అప్పటి’, ‘ఇప్పటి’ అనే విశేషణాలను తోసేస్తే మిగిలే వస్తువు ఒక్కటేనని చూపారు. దేవదత్తుని విషయంలో మిగలడానికి ఒకటుంది. దళం నుంచి గార్‌ఫీల్డ్‌ను, పెన్సిల్వేనియాను, పాత నాయకుణ్ణి, కొత్త నాయకుణ్ణి తోసేస్తే చేతిలో మిగిలేదేమీ లేదు. దానికి ఆత్మ లేదు.

ఆత్మ లేని దానికి కూడా కొనసాగింపు ఉంటుందని చెప్పిన బౌద్ధ గ్రంథం ‘మిళిందపఞ్హ’. చక్రాలు రథం కాదు, ఇరుసు రథం కాదు, అన్నిటినీ ఆశ్రయించి ‘రథం’ అనే వ్యవహారం నడుస్తోందని అందులో నాగసేనుడనే భిక్షువు మిళింద రాజుకు చెబుతాడు. అదే గ్రంథంలో మామిడిపళ్ల దొంగ ఉన్నాడు. యజమాని నాటిన కాయ వేరు, తాను కోసిన కాయ వేరు, కనుక తాను దొంగను కానని వాడు వాదిస్తాడు. నాటిన కాయ వల్లనే కోసిన కాయ వచ్చింది కాబట్టి వాడు శిక్షార్హుడే అవుతాడు. అదేనా, వేరా అన్న ప్రశ్నకు బదులు, దేని నుంచి ఏది వచ్చిందన్న ప్రశ్న ఇక్కడ ముందుకొస్తుంది.

మారిన దళం బాధ్యతకూ ఇదే కొలత. కృతనాశం, అకృతాభ్యాగమం అనేవి అంతా క్షణికమనే బౌద్ధుల వాదంపై ఇతర దర్శనాలు మోపిన రెండు దోషాలు: చేసినవాడికి ఫలం తప్పిపోవడం, చేయనివాడికి ఫలం చుట్టుకోవడం. నిన్నటి పాలకవర్గం నాటి తప్పుకు నేటి పాలకవర్గం ఏమి చేస్తుందని ఒక సంస్థ అంటే అది మామిడి దొంగ వాదమే. పది కప్పులను గోడ మీద వరుసగా పెట్టుకున్న పేరు అదే గోడ వెనుక ఉన్న గాయాలకు కూడా వారసురాలే. అలాగని నిన్న చేరిన పద్దెనిమిదేళ్ల వాద్యకారుడు దోషి కాడు. జవాబు చెప్పవలసింది సంస్థ. అతనికి కలిగేది నష్టం, పాపం కాదు.

ఇక గుర్తింపు ఎప్పుడు పోతుంది? తాటి పొడవునా ఒక్క పీచైనా సాగదు, పీచులు ఒకదానిపై ఒకటి కలిసి పేనుకోవడం వల్లే తాటికి బలమని విట్‌గెన్‌స్టైన్ అన్నాడు. దళంలో మూడేళ్ల సీనియర్ పక్కన నిలబడి కొత్తవాడు అడుగు వేయడం, పాత శిక్షకుడు కొత్త శిక్షకుడి చేతికి పాఠం అందించడం ఆ పేనుకోవడమే. నాయకుడు ఒక్కడే మారితే పీచు తెగుతుంది, తాడు నిలుస్తుంది. నాయకుడు, శిక్షకులు, పాటల ఎంపిక, దుస్తులు ఒకే చలికాలంలో మారి, అందించేవారు లేకుండా అందుకునేవారే మిగిలితే తాడు తెగుతుంది. పేరు అప్పటికీ ఉండవచ్చు, కానీ అది కొత్త తాడుకు కట్టిన పాత చీటీ. కనుక గుర్తింపు ఉందా లేదా అన్నదానికి అవును, కాదు అనే రెండే జవాబులు లేవు. ఎంత అందిందో అంత ఉంది. కేడెట్స్ పేరు, ఊరు, దుస్తులు మారినప్పుడు ఆగలేదు. 2023 వేసవి తరువాత అందుకోవడానికి మరో తరం మైదానంలోకి రాలేదు, అక్కడ ఆగింది.